గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీ రికార్డింగులు సేకరించడం ఎలా: తేదీ ఎంచుకోవడం నుంచి భద్రపరచడం దాకా

"ఎక్కడ మొదలుపెట్టాలి?", "ఒకే కచేరీకి పదిహేను రికార్డింగులున్నాయి, ఏది మంచిది?", "దింపుకున్నాను, కానీ పాట మధ్యలో తెగిపోతోంది, ఎందుకు?" ఈ మూడు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. విడివిడిగా జవాబులు రాసే కన్నా అంతా ఒక్కచోట పెడుతున్నాను.

గ్రేట్‌ఫుల్ డెడ్ అనే ఈ అమెరికన్ రాక్ బ్యాండ్ ఎవరు, ఎందుకు గొప్ప అన్న కథ ఇక్కడ లేదు. 1965 నుంచి 1995 వరకు 2,300కు పైగా కచేరీలు చేశారు, ఏ రెండు రాత్రులూ ఒకేలా వాయించలేదు, ప్రేక్షకులు రికార్డు చేసుకుంటే అడ్డు చెప్పలేదు. పని మొదలుపెట్టడానికి ఇంత తెలిస్తే సరిపోతుంది.

ముందే ఒక మాట. ఇందులో దిగిన ప్రతివాడూ మొదటి నెలలో చేసే తప్పు ఒకటే: కనిపించినదల్లా దింపుకోవడం. నేనూ చేశాను. రెండు వందల కచేరీలు డిస్కులో పడ్డాయి, విన్నవి ఆరు. కాబట్టి ఈ పద్ధతి తక్కువ తేదీలతో, ఎక్కువ శ్రద్ధతో నడుస్తుంది.

## 1. ముందు సిద్ధం చేసుకోవలసినవి

కంప్యూటర్ ఖరీదైనది కానక్కర్లేదు. కానీ చోటు లెక్క ముందే వేసుకోండి.

సీడీ నాణ్యత, అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌లో కుదించని ధ్వని నిమిషానికి దాదాపు 10.5 మెగాబైట్లు తింటుంది. మూడు గంటల కచేరీ సుమారు 1.9 గిగాబైట్లు. ధ్వనిలో ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా మారిస్తే ఒక గిగాబైటు, కొంచెం అటూ ఇటూ. అదే 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అయితే ఫ్లాక్‌లో కూడా మూడున్నర, నాలుగు గిగాబైట్లు అవుతుంది.

నా అభిప్రాయం అడిగితే, పాత క్యాసెట్ నుంచి వచ్చినదానికి 24 బిట్ వెర్షన్ కోసం పరుగెత్తక్కర్లేదు. టేపులో లేని ధ్వని పెద్ద ఫైలులోకి ఎక్కడి నుంచో రాదు.

సిద్ధం చేసుకోండి:

- ఒక టెరాబైట్ డిస్కులు రెండు. ఒకటి వాడకానికి, ఒకటి నకలుకు.
- ట్రాకుల మధ్య ఖాళీ రాకుండా వాయించే ప్లేయర్. విండోస్‌లో ఫూబార్2000 చాలు.
- ఫైళ్లు సరిచూసే పనిముట్టు. విండోస్‌కు ట్రేడర్స్ లిటిల్ హెల్పర్, మ్యాక్‌కు ఎక్స్‌యాక్ట్.
- ధ్వనిని బొమ్మగా చూపే స్పెక్, చిన్న మరమ్మతులకు ఆడాసిటీ. రెండూ ఉచితమే.
- చెవులను పూర్తిగా మూసే తీగ హెడ్‌ఫోన్. బ్లూటూత్ ధ్వనిని మళ్లీ కుదిస్తుంది కాబట్టి పోల్చి చూసే పనికి వద్దు.
- ఒక నోట్‌బుక్. కాగితందే.

ఖాళీ రాకుండా వాయించడం గురించి ఇంకాస్త చెప్పాలి. ఈ బ్యాండ్ ఒక పాటలోంచి ఆగకుండా ఇంకో పాటలోకి జారిపోతుంది. పాటల జాబితాలో రెండు పేర్ల మధ్య > గుర్తు ఉంటే అర్థం అదే. ప్లేయర్ అక్కడ అర సెకను ఆగిందంటే మొత్తం రసం పోతుంది. ఎంపీ3గా మార్చుకున్నవాళ్లకు ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే ఆ పద్ధతిలో ప్రతి ఫైలు మొదట్లో, చివర్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది.

## 2. తేదీలు చదవడం నేర్చుకోండి

ఇక్కడ కచేరీకి పేరు ఉండదు, తేదీయే పేరు. మనవాళ్లు మొదట పప్పులో కాలేసేది ఇక్కడే.

అభిమానులు 5/8/77 అని రాస్తారు. మనం దాన్ని ఆగస్టు 5 అని చదువుతాం. అమెరికా వాడుకలో నెల ముందు వస్తుంది కాబట్టి అది మే 8. నేను మొదటిసారి వెతికినప్పుడు ఆగస్టు 5 కోసం గంటసేపు తిరిగాను. ఏమీ దొరకలేదు. దొరకదు కూడా: డ్రమ్మర్ మికీ హార్ట్ జూన్‌లో కారు ప్రమాదంలో గాయపడటంతో ఆ ఆగస్టులో వాళ్లు అసలు కచేరీలే చేయలేదు.

మందు సులభం. మీ నోట్‌బుక్‌లో, ఫోల్డర్లలో ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజు వరసలో రాయండి: 1977-05-08. కంప్యూటర్ కూడా వరసగా పేరుస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. 1970 ప్రాంతంలో ఒకే రోజు రెండు ఆటలుండేవి. ఒకటి సాయంత్రం, ఇంకొకటి రాత్రి పొద్దుపోయాక మొదలై మర్నాడు తెల్లవారుజాము దాకా సాగేది. అర్ధరాత్రి దాటినా టేపు మీద ముందురోజు తేదీయే వేస్తారు. "ఎర్లీ", "లేట్" అన్న మాటలు కనిపిస్తే అవి వేర్వేరు కచేరీలు. కలపకండి.

## 3. ఐదు తేదీలతో మొదలుపెట్టండి

ఈ ఐదూ నా ఎంపిక. అన్నిటికన్నా గొప్పవని కాదు. ఐదు వేర్వేరు కాలాలవి, పైగా ఈ ఐదింటి నుంచీ అధికారిక విడుదలలు వచ్చాయి. కాబట్టి మీ దగ్గరున్న టేపును పోల్చి చూసుకోవడానికి కొలబద్ద ఉంటుంది.

- 1969-02-27, ఫిల్‌మోర్ వెస్ట్, శాన్‌ఫ్రాన్సిస్కో
- 1970-02-13, ఫిల్‌మోర్ ఈస్ట్, న్యూయార్క్
- 1972-08-27, వెనీటా, ఒరెగాన్
- 1977-05-08, బార్టన్ హాల్, కార్నెల్ యూనివర్సిటీ, ఇథాకా
- 1989-10-09, హ్యాంప్టన్, వర్జీనియా

వెనీటాది మండుటెండలో ఆరుబయట జరిగిన కచేరీ. వేడికి గిటార్లు శ్రుతి తప్పాయి. మొదటిసారి వింటూ "టేపు పాడైందా?" అని అనుమానపడకండి. పాడైంది టేపు కాదు.

హ్యాంప్టన్‌లో 1984 తర్వాత మొదటిసారి డార్క్ స్టార్ అనే పాట వాయించారు. జనం కేక ఎలా ఉంటుందో వినాలంటే ఆ తేదీకి ప్రేక్షకుల మధ్య నుంచి తీసిన టేపే వినాలి. ఎందుకో తర్వాతి భాగంలో తెలుస్తుంది.

ఒక్కో తేదీకి కనీసం ఒక వారం ఇవ్వండి. మామూలుగా కచేరీ రెండు భాగాలు, చివర్లో కొసరు పాట. 1978 నుంచి రెండో భాగం మధ్యలో డ్రమ్స్ (డ్రమ్మర్లు మాత్రమే వాయించేది), ఆ వెంటనే స్పేస్ (పాట లేకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించేది) అని వస్తాయి. మన కచేరీల్లో తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచేవాళ్లుంటారే, అలాంటివాళ్లు అక్కడా ఉన్నారు. మొదటి వారంలో మీరు లేవకండి.

## 4. సోర్స్ రకాలు: అసలు కీలకం ఇదే

ఒకే రాత్రిని వేర్వేరు మనుషులు వేర్వేరు చోట్ల నుంచి రికార్డు చేశారు. ఒక్కో రికార్డింగును ఒక సోర్స్ అంటారు. ఫైలు పేరులో రెండు మూడు అక్షరాల సంకేతం దాన్ని చెబుతుంది.

ఎస్‌బీడీ, అంటే సౌండ్‌బోర్డ్. వేదిక మైకులన్నీ చేరే మిక్సింగ్ బల్ల నుంచి నేరుగా తీసినది. వాద్యాలు స్పష్టంగా, విడివిడిగా వినిపిస్తాయి. జనం గోల దాదాపు ఉండదు.

కానీ సౌండ్‌బోర్డ్ అంటే ఎప్పుడూ మేలురకం అనుకోవద్దు. ఆ మిశ్రమం హాలులోని స్పీకర్ల కోసం కలిపినది. చిన్న హాలులో గిటార్ యాంప్లిఫయర్ దానంతట అదే మోగిపోతుంది కాబట్టి బల్ల దగ్గర దాన్ని తగ్గిస్తారు. ఫలితంగా టేపులో గొంతు పెద్దగా, గిటారు పక్కింట్లో మోగుతున్నట్టుగా ఉంటుంది. ఇది టేపు లోపం కాదు, మరమ్మతు కూడా లేదు.

దీనికి మినహాయింపు బెట్టీ బోర్డ్స్. బ్యాండ్ ఇంజనీరు బెట్టీ కాంటర్-జాక్సన్ స్పీకర్ల మిశ్రమంతో సంబంధం లేకుండా, టేపు కోసమే వేరుగా కలిపి రీలు మీద రికార్డు చేసినవి. 1977 వసంతకాలపు టేపులు అంత బాగా ఉండటానికి సగం కారణం ఆమె చెవులు. వివరాల ఫైలులో బెట్టీ పేరు కనిపిస్తే ముందు అది వినండి.

ఏయూడీ, అంటే ఆడియన్స్. ప్రేక్షకుల మధ్య కర్రకు మైకులు కట్టి తీసినది. హాలు గాలి, చప్పట్లు, పక్కవాడి కబుర్లు అన్నీ వస్తాయి. 1984 అక్టోబరు నుంచి రికార్డు చేసేవాళ్లకు, అంటే టేపర్లకు, మిక్సింగ్ బల్ల వెనక ప్రత్యేకంగా చోటు ఇచ్చారు. దానికన్నా ముందుకెళ్లి, బల్లకూ వేదికకూ మధ్యలో మైకులు పెట్టి తీసినవాటిని ఎఫ్‌ఓబీ (ఫ్రంట్ ఆఫ్ బోర్డ్) అంటారు. అవి సాధారణంగా ఇంకా బాగుంటాయి.

కొత్తవాళ్లు ఏయూడీ అనగానే పక్కన పెట్టేస్తారు. అది తొందరపాటు. మంచి మైకులు, మంచి చోటు, నోరు మూసుకుని నిలబడ్డ టేపర్, ఈ మూడూ కుదిరితే ఆ టేపు మిమ్మల్ని హాల్లో నిలబెడుతుంది. సౌండ్‌బోర్డ్ ఆ పని చేయలేదు.

ఎంటీఎక్స్, అంటే మేట్రిక్స్. పై రెండింటినీ కలిపి చేసినది. బాగా కుదిరితే స్పష్టతా ఉంటుంది, హాలూ ఉంటుంది. కుదరకపోతే తలనొప్పి.

ఎందుకు కుదరదంటే, రెండు టేపులు రెండు యంత్రాల మీద నడిచాయి. వేగంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా పది నిమిషాలకు రెండూ విడిపోతాయి. అదీ కాక స్పీకరు నుంచి 30 మీటర్ల దూరంలోని మైకుకు ధ్వని సెకనులో పదకొండో వంతు ఆలస్యంగా చేరుతుంది. కలిపినవాడు ఇవన్నీ సరిచేసి ఉండాలి. పరీక్ష: రెండో భాగం చివరి పాటకు వెళ్లి డ్రమ్ము దెబ్బ వినండి. ఒక దెబ్బ రెండుగా వినిపిస్తే ఆ మేట్రిక్స్ వదిలేయండి.

ఎఫ్ఎం. రేడియో ప్రసారం నుంచి పట్టినది. ధ్వని శుభ్రంగానే ఉంటుంది, అక్కడక్కడ అనౌన్సర్ గొంతు తగులుతుంది.

## 5. టేపు వంశావళి చదవడం

ప్రతి రికార్డింగుతో పాటు ఒక టెక్స్ట్ ఫైలు వస్తుంది. చాలామంది దాన్ని తెరవరు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు, గోత్రం అడిగినట్టు ముందు దాన్ని అడగాలి.

అందులో బాణం గుర్తులతో ఒక వరస ఉంటుంది. ఉదాహరణకు: సౌండ్‌బోర్డ్ > మాస్టర్ రీల్ > డాట్ > సీడీ > ఫ్లాక్. (డాట్ అంటే డిజిటల్ టేపు.) ఎడమ నుంచి కుడికి, ఆ ధ్వని ఏయే చేతులు మారి మీదాకా వచ్చిందో చెబుతుంది.

ఏం చూడాలంటే:

- మొదట "మాస్టర్" అన్న మాట ఉందా? ఉంటే మొదటి టేపు నుంచే తీశారు.
- క్యాసెట్ పక్కన అంకె ఉందా? సీ1 అంటే మొదటి నకలు, సీ3 అంటే మూడో తరం. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు మారిన ప్రతిసారీ ఇసుక రాలినట్టు శబ్దం పెరుగుతుంది, తాళాల మెరుపు తగ్గుతుంది.
- మధ్యలో ఎంపీ3, మినీడిస్క్ ఉన్నాయా? ఉంటే వద్దు. ఆ రెండూ ధ్వనిలో కొంత పారేస్తాయి, అది తిరిగి రాదు.
- "ప్యాచ్" అని ఉందా? ఒక టేపులో తెగిన ముక్కను ఇంకో టేపుతో అతికారని అర్థం. ఇది మంచి విషయమే, అతుకు ఎక్కడో నిమిషాలతో సహా రాసి ఉంటే.
- ఎవరు డిజిటల్‌లోకి మార్చారు, ఏ సంవత్సరంలో? ఒకే మాస్టర్‌ను 1999లో ఒకరు, 2010 తర్వాత ఇంకొకరు మార్చి ఉంటే రెండోదాన్ని ముందు వినండి. యంత్రాలు, అనుభవం మెరుగుపడ్డాయి.

వంశావళి అసలు రాయనిదాన్ని తీసుకోవచ్చా? వేరే సోర్స్ లేనప్పుడు మాత్రమే.

## 6. పదిహేనులో ఒకటి ఎంచుకునే పద్ధతి

ఈ రికార్డింగులు ఉచితంగా దొరికే ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైటులో తేదీ వెతికితే ఇన్ని కనిపించి కళ్లు తిరుగుతాయి. అన్నీ పూర్తిగా వినాలంటే నెల పడుతుంది. నేను చేసేది ఇది.

మొదట వంశావళి చదివి మూడింటిని మిగుల్చుకుంటాను: ఒక ఎస్‌బీడీ, ఒక ఏయూడీ, ఉంటే ఒక ఎంటీఎక్స్.

తర్వాత మూడింటిలోనూ ఒకే మూడు చోట్లు వింటాను. మొదటి పాటలో తొలి రెండు నిమిషాలు వినాలి, కానీ అప్పుడు ఇంజనీరు ఇంకా మిశ్రమం సర్దుతుంటాడు కాబట్టి దాన్నిబట్టి తీర్పు చెప్పకూడదు. రెండోది, రెండో భాగంలో ఒక నెమ్మది పాట. గొంతు వణుకు, వెనకాల టేపు రొద అక్కడ బయటపడతాయి. మూడోది, అందరూ గట్టిగా వాయించే చోటు. ధ్వని పగులుతోందా అన్నది అక్కడే తెలుస్తుంది.

వినేటప్పుడు మూడింటినీ ఒకే శబ్దస్థాయికి తెచ్చుకోండి. లేకపోతే ఏది గట్టిగా ఉంటే అదే బాగున్నట్టు అనిపిస్తుంది. చెవి చేసే మోసాల్లో ఇది అన్నిటికన్నా పాతది.

కార్నెల్ తేదీకి ఈ పని చేసి చూడండి. స్కార్లెట్ బిగోనియాస్ నుంచి ఫైర్ ఆన్ ది మౌంటెన్‌లోకి మారే ఘట్టాన్ని ఎస్‌బీడీలో ఒకసారి, ఏయూడీలో ఒకసారి వినండి. మొదటిదానిలో బేస్ గిటార్ వేళ్లు వినిపిస్తాయి. రెండోదానిలో ఆ మార్పు తమకు అర్థమైన క్షణాన జనం ఏం చేశారో వినిపిస్తుంది. ఏది "మెరుగు" అన్న ప్రశ్న అక్కడితో కాస్త మెత్తబడుతుంది.

## 7. దింపుకోవడం, సరిచూడడం

ఒక నియమం ముందే తెలుసుకోండి. 2005 చివరి నుంచి ఆర్కైవ్‌లో ఈ బ్యాండ్ సౌండ్‌బోర్డులు అక్కడే వినడానికి మాత్రమే. ఆడియన్స్ టేపులను దింపుకోవచ్చు. సౌండ్‌బోర్డును దొంగదారిలో లాగే ఉపాయాలు అడగకండి, నేను చెప్పను. ఫోనులో వినడానికి రీలిసెన్ అనే ఉచిత యాప్ ఉంది, ఆర్కైవ్ రికార్డింగులన్నీ అందులో తేదీల వరసలో దొరుకుతాయి. డిస్కు మీదే సౌండ్‌బోర్డ్ కావాలనుకుంటే అధికారిక విడుదలలు కొనండి. డేవ్స్ పిక్స్ వరస 2012 నుంచి ఏటా నాలుగు చొప్పున వస్తోంది. అంతకుముందు డిక్స్ పిక్స్ పేరుతో 36 సంపుటాలు వచ్చాయి.

దింపుకునే వరస:

- మొత్తం ఫోల్డరును దింపండి. ఇష్టమైన రెండు పాటలే తీసుకోవద్దు.
- టెక్స్ట్ ఫైలు, చెక్‌సమ్ ఫైళ్లు (ఫైలు చెడకుండా వచ్చిందో లేదో సరిచూసే అంకెలున్నవి) కూడా వచ్చాయా చూడండి.
- చెక్‌సమ్ సరిచూడండి. అన్నీ సరిపోతేనే తర్వాతి అడుగు.
- ఒక్క ఫైలు తప్పినా ఆ ఒక్కటే మళ్లీ దింపి మళ్లీ సరిచూడండి.

చెక్‌సమ్‌లు రెండు రకాలు. ఎండీ5 మొత్తం ఫైలును కొలుస్తుంది. ఎఫ్ఎఫ్‌పీ లోపలి ధ్వనిని మాత్రమే కొలుస్తుంది. అందుకే మీరు పాట పేరు ట్యాగులో రాయగానే ఎండీ5 తప్పిందని చూపిస్తుంది, ఎఫ్ఎఫ్‌పీ మాత్రం మారదు. "ఫైలు చెడిపోయింది" అని టెన్షన్ పడేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే. ట్యాగులు మార్చేముందే ఎండీ5 చూసుకోండి, తర్వాత ఎఫ్ఎఫ్‌పీని నమ్మండి.

## 8. తరచూ కనిపించే లోపాలు, వాటికి మందులు

పాట మధ్యలో తెగిపోతోంది. 90 నిమిషాల క్యాసెట్‌కు ఒక వైపు 45 నిమిషాలు. రెండో భాగం అంతకన్నా పొడుగు. టేపు తిప్పాలి, ఆ పది, ఇరవై సెకన్లు పోతాయి. తెలివైన టేపర్లు డ్రమ్స్ సమయంలో తిప్పేవాళ్లు. మీ సోర్స్‌లో మంచి పాట మధ్య తెగితే అదే తేదీకి ప్యాచ్ చేసిన వెర్షన్ ఉందేమో చూడండి.

అంతా కాస్త వేగంగా, గొంతులు సన్నగా ఉన్నాయి. టేపు యంత్రం వేగం తేడా. మన ఇళ్లలో దీనికి మంచి పనిముట్టు ఉంది: శ్రుతి పెట్టె యాప్. డార్క్ స్టార్ నడిచేది పాశ్చాత్య సంగీతంలో 'A' అనే స్వరం మీద, అంటే మన లెక్కలో ఆరు శ్రుతి. యాప్ ఆరు శ్రుతిలో పెట్టి పాటతో కలిపి వినండి. పావు స్వరస్థానం తేడా ఉంటే వదిలేయండి, ఆ రాత్రి గిటార్లే అలా ఉండి ఉండవచ్చు. అర స్వరస్థానం ఉంటే వేగం దాదాపు 3 శాతం తప్పిందని లెక్క.

సరిచేయాలంటే ఆడాసిటీలో వేగం మార్చే ఆదేశమే వాడండి. శ్రుతిని మాత్రమే మార్చేది, లయను మాత్రమే మార్చేది వాడొద్దు. టేపు తప్పినప్పుడు రెండూ కలిసే తప్పుతాయి. సరిచేసినదాన్ని వేరే ఫోల్డరులో పెట్టండి, అసలుది అలాగే ఉంచండి.

బాగా నెమ్మదిగా, ఒకటిన్నర స్వరస్థానం కిందికి ఉంది. ఇది టేపు తప్పు కాదు. 48 కిలోహెర్ట్జ్ డాట్ రికార్డింగును ఎవరో 44.1గా ముద్రవేశారు. 8 శాతం తేడా వస్తుంది. వేరే వెర్షన్ తీసుకోండి.

ధ్వని దుప్పటి కప్పినట్టు ఉంది. డాల్బీ (క్యాసెట్ రొద తగ్గించే పద్ధతి) లేకుండా రికార్డు చేసిన క్యాసెట్‌ను డాల్బీ పెట్టి వాయించి ఉండవచ్చు, లేదా వాయించిన యంత్రం హెడ్ వంకరగా ఉండి ఉండవచ్చు. ట్రెబుల్ కొద్దిగా పెంచి వినండి. దాన్నే భద్రపరచి పంచడం మాత్రం వద్దు.

ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి అంటగట్టారేమో. స్పెక్‌లో తెరవండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత ఉండి, పైన అంతా నలుపైతే అనుమానించాలి. అయితే తొందరపడి నింద వేయకండి. ఎఫ్ఎం ప్రసారం సహజంగానే 15 దగ్గర ఆగిపోతుంది, తరచూ 19 దగ్గర సన్నటి గీత కూడా కనిపిస్తుంది. పాత క్యాసెట్‌లోనూ పైభాగం ఉండదు, కానీ అక్కడ అంచు పొగమంచులా క్రమంగా పలచబడుతుంది.

రెండు చెవుల్లో ఒకటే మోగుతోంది. మొదటి రెండు మూడు పాటలకే పరిమితమైతే ఆ రాత్రి తీగ సరిగా పెట్టలేదు, అంతే. కచేరీ అంతా అలాగే ఉంటే ఇంకో సోర్స్ చూసుకోండి.

## 9. ఫోల్డర్లు, పేర్లు

దింపుకున్న ఫోల్డరు పేరు మార్చొద్దు. గజిబిజిగా కనిపించినా అందులో క్రమం ఉంది: బ్యాండ్ సంకేతాక్షరాలు, తేదీ, సోర్స్ రకం, టేపర్ లేదా మార్చినవారి పేరు, ఆ రికార్డింగుకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య. ఆ సంఖ్యే దాని ఆధార్ నంబరు. అది పోతే మీ దగ్గరున్నది ఏ వెర్షనో మీకే తెలియదు.

పైన మీ సొంత ఫోల్డర్లు పెట్టుకోండి, సంవత్సరానికి ఒకటి. వాటి లోపల అసలు ఫోల్డర్లు యథాతథంగా.

రెండో డిస్కును అదే బల్ల సొరుగులో పెట్టకండి. వేరే ఇంట్లో ఉంటే మంచిది. ఆరు నెలలకోసారి రెండు డిస్కుల మీదా చెక్‌సమ్ నడపండి.

## 10. ఇచ్చిపుచ్చుకోవడం, మాట్లాడుకోవడం

మొదటి నియమం, రాజీ లేనిది: డబ్బు తీసుకోకూడదు. బ్యాండ్ అనుమతి ఆ షరతు మీదే నిలబడింది. క్యాసెట్ల రోజుల్లో కొత్తవాళ్లు ఖాళీ టేపులు, తిరుగు తపాలా ఖర్చు పంపితే పాతవాళ్లు నింపి పంపేవాళ్లు. అంతకు మించి పైసా లేదు. ఇప్పుడు ఎవరైనా ఈ రికార్డింగులతో నింపిన హార్డ్ డిస్కును "సర్వీసు చార్జీ"కి అమ్ముతానంటే దూరంగా ఉండండి.

అధికారికంగా విడుదలైనదాన్ని పంచకండి. వేరే బ్యాండ్ల నియమాలు వేరు. ఫిష్ అనే బ్యాండ్ ఆడియన్స్ టేపింగుకు అనుమతి ఇస్తుంది, సౌండ్‌బోర్డులను మాత్రం తానే అమ్ముకుంటుంది. ఎవరి నియమం వారిదే, ముందు చదవండి.

మాట్లాడేటప్పుడు తేదీ, సోర్స్, పాట, నిమిషం చెప్పండి. "77 షో అదిరింది" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. నా నోట్‌బుక్‌లో ఒక కచేరీకి రాసుకునేది ఇలా ఉంటుంది:

- తేదీ, ఊరు, గుర్తింపు సంఖ్య
- సోర్స్ రకం, ఎన్నో తరం
- ఎక్కడెక్కడ తెగింది, ప్యాచ్ ఉందా
- మళ్లీ వినాల్సిన చోటు, నిమిషంతో సహా
- ఒక ఫిర్యాదు

ఆ చివరిది తప్పకుండా రాయండి. అన్నీ అద్భుతమే అని రాసినవాడి మాట రెండోసారి ఎవరూ పట్టించుకోరు. పేరున్న తేదీ మీకు నచ్చకపోతే అదీ చెప్పవచ్చు. ఎందుకు నచ్చలేదో నిమిషంతో సహా చెబితే గొడవ రాదు, వచ్చినా సరదాగా ఉంటుంది.

సాయం అడిగేటప్పుడు "బెస్ట్ షోలు చెప్పండి" అనొద్దు. "1972-08-27 ఎస్‌బీడీ విన్నాను, అందులో గిటారు నచ్చింది, అదే ఏడాదిలో ఇంకేం వినాలి?" అని అడిగి చూడండి. పది మంది పరుగెత్తుకొస్తారు.

## 11. అట్టపెట్టెలో క్యాసెట్లు దొరికితే

అమెరికాలో ఉన్న మన పాఠకులకు ఇది అప్పుడప్పుడూ జరుగుతోంది. పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ "నీకు పాటలిష్టం కదా" అని ఒక పెట్టె చేతిలో పెడతాడు. తొందరపడి ప్లేయరులో వేయకండి.

- ముందు ప్రతి క్యాసెట్ అట్టకూ రెండు వైపులా ఫోటో తీయండి. చేతిరాతలో ఉన్న తేదీ, డాల్బీ గుర్తు, ఎవరి దగ్గర నకలు చేసుకున్నారో, అన్నీ పనికొస్తాయి.
- తెల్లటి బూజు ఉందా వెలుతురులో చూడండి. ఉంటే దాన్ని విడిగా పెట్టండి, మీ యంత్రంలో వేస్తే మిగతావాటికీ అంటుకుంటుంది.
- టేపు మధ్యలో ఉండే చిన్న దూది మెత్త ఊడిపోయిందేమో చూడండి. ఊడితే అదే కొలత ఇంకో క్యాసెట్ డొల్లలోకి టేపు మార్చవచ్చు.
- ఒకసారి చివరిదాకా, మళ్లీ వెనక్కి తిప్పి అప్పుడు వాయించండి.
- క్యాసెట్‌కు టేపు కనిపించే అంచుకు ఎదురు అంచున ఉన్న రెండు చిన్న పలకలు విరిచేయండి, పొరపాటున కూడా దాని మీద రికార్డు కాకుండా.
- డాల్బీ తీసేసి 24 బిట్‌లో రికార్డు చేయండి. అట్ట మీద డాల్బీ అని రాసి ఉంటే, పెట్టి ఇంకొకటి కూడా తీయండి. ఏది సరైనదో తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.

అట్ట మీద రాసిన తేదీని గుడ్డిగా నమ్మకండి. నకళ్ల మీద నకళ్లలో తేదీలు తారుమారైన టేపులు బోలెడు. పాటల వరస రాసుకుని ఆ తేదీ జాబితాతో పోల్చండి. సరిపోకపోతే ఆ వరస ఏ తేదీదో వెతకండి. అది కూడా దొరకకపోతే ఫోటోలతో సహా అభిమానుల ముందు పెట్టండి, కానీ ఆ పెద్దాయన పేరు, చిరునామా కనిపించకుండా చూసుకోండి. ఇక అసలు క్యాసెట్లు డిజిటల్‌లోకి మారాక కూడా పారేయొద్దు. రేపు ఇంకొకరు మీకన్నా మంచి యంత్రంతో మళ్లీ తీయాల్సి రావచ్చు.